పదకొండు ఇళ్ళ కాపురం

ఫిబ్రవరిలో ఒక పొద్దున పడవ దిగి, సంచీ భుజాన వేసుకుని, కింది వీధి మలుపు తిరిగేసరికి నా కాళ్ళు అక్కడే నాటుకుపోయాయి. రాత్రి కురిసిన మంచు వీధంతా తెల్లగా పరుచుకుని ఉంది. పళ్ళ డాక్టరు వీగో ఇంటి ముందు, ఎనభై దాటిన మా అమ్మమ్మ తొమీనె పాకే పసిపిల్లలా నాలుగు కాళ్ళ మీద ఉంది.

పడిపోయిందనుకున్నాను. సంచీ విసిరేసి పరిగెత్తబోయి, మళ్ళీ ఆగిపోయాను. ఆమె పడిపోలేదు. గోడవార ఊడ్చిన రాతి పలకల మీద మోకాళ్ళు ఆనించి, మంచు వైపు వంగి, చేతులు చాపింది. ఆ రెండు చేతులకీ చిన్నపిల్లల బూట్లు తొడుక్కుంది. వాటిని మంచులో ఒకదాని తర్వాత ఒకటి నొక్కుతోంది. మధ్యలో ఒకచోట రెండూ కలిపి గట్టిగా గుచ్చింది.

"అమ్మమ్మా!" అని కేక పెట్టాను.

"అరవకు రగ్నా. అక్కడే ఉండు, తొక్కేస్తావు. ఆ పక్కనుంచి రా," అంది తలెత్తకుండానే. "వీడు తిన్నగా నడవడు. రెండడుగులకోసారి గెంతుతాడు."

"ఎవడు?"

"వీగో మనవడు."

"వాళ్ళు ఓస్లోలో కదా ఉంటారు?"

"అందుకేగా నేను గెంతుతున్నాను," అంది, విసుగ్గా.

నా కళ్ళను నేనే నమ్మలేదు. ఊరికే చెప్పడం కాదు. మా అమ్మమ్మ ఎలాంటి మనిషో తెలిస్తే మీరూ నమ్మరు.

ఒకసారి రేవులో జాలరి పొరపాటున ఒక చేప ఎక్కువ వేశాడు. ఇంటికొచ్చాక అది గమనించి, వానలో వెనక్కి వెళ్ళింది. అప్పటికే వాడు మళ్ళీ సముద్రంలోకి వెళ్ళిపోయాడు. వాడు తిరిగొచ్చేదాకా అక్కడే కూర్చుంది. వాడొచ్చేసరికి ఆ చేప ఎవరూ తినే స్థితిలో లేదు. అయినా వాడి చేతిలో పెట్టి మరీ వచ్చింది. మా అమ్మ చిన్నప్పుడు పక్కింటి పొదలోంచి నాలుగు ఎర్రపళ్ళు కోసుకు తింటే, నోట్లో మిగిలిన పండుతో సహా ఆ ఇంటికి పంపి క్షమాపణ చెప్పించింది. పేకాటలో నేను ఆమె ముక్కలు తొంగి చూస్తే, కనిపించేలా పట్టుకున్నందుకు తనే తప్పు ఒప్పుకుని ఆట నాకు వదిలేసేది. ఆ ధర్మమే నన్ను ఆటలో గెలిపించేది కాబట్టి, చిన్నతనంలో నేను దాన్ని బాగా గౌరవించాను.

అలాంటి మనిషి పొద్దున్నే మంచులో దొంగ అడుగులు వేస్తోంది.

మా ఊరు స్కార్వికలో ఉన్న ఒకే ఒక్క బూట్ల దుకాణం ఆమెదే. నలభై ఏళ్ళు నడిపింది. "ఊరందరి పాదాల దగ్గరా మోకరిల్లాను. దేవుడి దగ్గర కూడా అంతసేపు మోకరిల్లలేదు" అనేది. ఆమెకు మనుషులు మొహాలతో గుర్తుండరు. "ఆ పెద్ద మడమ మనిషి", "ఆ బొటనవేలు వంకర పిల్ల" అంటుంది. పాస్టరుగారిని కూడా అందరిముందూ "ఆ చెమట కాళ్ళాయన" అనేస్తుంది. దుకాణం మూసేసిన రోజున అమ్ముడుపోని జోళ్ళన్నీ పెట్టెల్లో పెట్టి అటక ఎక్కించింది. ఎందుకని అడిగితే, "పాదాలు ఎక్కడికీ పోవుగా" అంది. కానీ పోయాయి. ఒక్కొక్క జత పాదాలూ ఊరు వదిలి పోయాయి. మా అమ్మవి కూడా.

నా సంగతి అడిగితే, బడి మధ్యలోనే మానేసి, కార్లను అవతలి ఒడ్డుకు దాటించే పడవలో తాళ్ళు కట్టే పనిలో చేరాను. "దేవుడు బుర్ర పెట్టాల్సిన చోట తాడు చుట్టిపెట్టాడు" అని అమ్మమ్మ నన్ను ఏడిపిస్తుంది. నేనెప్పుడూ వేసవిలోనే ఆమె దగ్గరికి వెళ్ళేదాన్ని. వేసవిలో కింది వీధి తిరునాళ్ళలా ఉంటుంది. తెల్లటి చెక్క ఇళ్ళు, కిటికీల్లో పూలు, గుమ్మాల్లో ఐస్‌క్రీమ్ కారుస్తున్న పిల్లలు, ఇళ్ళ ఫొటోలు తీసుకునే ఓడ ప్రయాణికులు. ఆ ఏడు పడవ మరమ్మతుకు వెళ్ళడంతో సెలవు దొరికి, మొదటిసారి చలికాలంలో వచ్చాను.

సంచీ పెట్టడానికి అమ్మమ్మ ఇంట్లోకి వెళ్తే రెండో దెబ్బ తగిలింది. ఇల్లు బయటికన్నా చల్లగా ఉంది. పొయ్యిలో బూడిద ఎప్పటిదో. పంపు తిప్పితే దగ్గినట్టు దగ్గి, కాసేపటికి గానీ నీళ్ళు రాలేదు. కాఫీ కెటిల్ అడుగున తుప్పు మరక. మా అమ్మమ్మ కాఫీ లేకుండా గంట కూడా ఉండలేదు.

"అమ్మమ్మా, నువ్వు కాఫీ ఎక్కడ తాగుతున్నావ్?"

"ఇవాళేం వారం?"

"గురువారం."

"అయితే వకీలింట్లో," అంది.

అదే వీధిలో ఉన్న వకీలింటికి తీసుకెళ్ళింది. జేబులోంచి పెద్ద తాళంచెవుల గుత్తి తీసింది. అది చూసి నాకేం ఆశ్చర్యం కలగలేదు. వేసవికి మాత్రమే వచ్చే ఈ వీధివాళ్ళంతా వెళ్ళేటప్పుడు తాళాలు అమ్మమ్మకే ఇచ్చిపోతారు. మొక్కలకు నీళ్ళు పోయాలి, పైపుల్లో నీళ్ళు గడ్డకట్టకుండా ఇల్లు కాస్త వెచ్చగా ఉంచాలి. ఆశ్చర్యమంతా లోపల ఉంది. అమ్మమ్మ దీపాలు వేసింది, రేడియో పెట్టింది, మరుగుదొడ్డిలో నీళ్ళు వదిలింది. కొయ్యకు తగిలించిన వకీలు టోపీ తీసి తలకు పెట్టుకుని, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, పాత పేపరు తిప్పింది.

"టోపీ ఎందుకు?"

"బయటినుంచి చూస్తే నీడ తేడాగా ఉండకూడదు కదా."

"ఎవరు చూస్తారు?"

అప్పుడు చెప్పింది.

మా ఊళ్ళో ఒక నియమం ఉంది. ఇలాంటి పాత చెక్క ఇల్లు కొన్నవాళ్ళు ఏడాది పొడుగునా అందులో కాపురం ఉండాలి. లేదా, ఉండేవాళ్ళకు అమ్మేయాలి. ఆ నియమం రావడానికి ముఖ్య కారణం మా అమ్మమ్మే. మా అమ్మ పసిపిల్లగా ఉన్నప్పుడు, ఊరి సభలో కుర్చీ ఎక్కి నిలబడి, "చలికాలంలో దీపం లేని ఇల్లు ఊడిన పన్ను లాంటిది. ఒకటి ఊడితే పక్కవీ కదులుతాయి" అందట. ఆ మాట ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. పళ్ళ డాక్టరు వీగో కూడా నవ్వుతూ చెప్పుకుంటాడు, వేసవిలో వచ్చినప్పుడు. ఎందుకంటే నియమం ఉన్నా, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, కింది వీధి వాళ్ళంతా పేరుకు ఇక్కడే ఉన్నామని చెప్పి, ఓస్లోలో కాపురాలు పెట్టారు. బడి మూతపడింది. రొట్టెల దుకాణం మూతపడింది. ఆ తర్వాత బూట్ల దుకాణం.

ఇప్పుడు ఊరి పాలకసంఘంలో కొత్త మాట పుట్టింది. ఈ చలికాలం కింది వీధిని పరిశీలిస్తారు. సగం ఇళ్ళు ఖాళీ అని తేలితే, ఎవరూ పాటించని నియమం ఎందుకని ఎత్తేస్తారు. ఎత్తేశారంటే ఇళ్ళ ధరలు ఆకాశానికి పోతాయి. ఇక్కడ చేపల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, ఆసుపత్రిలో నర్సు, ఎవరూ ఈ జన్మలో ఇక్కడ ఇల్లు కొనలేరు. వీధి శాశ్వతంగా వేసవి వాళ్ళదే. చలికాలం మిగిలేది ఒక్క అమ్మమ్మ.

"నేను చచ్చేలోపు ఈ వీధిలో చలికాలం ఇంకొక పొయ్యి నిజంగా వెలగాలి," అంది అమ్మమ్మ, వకీలు టోపీ కిందనుంచి. "నియమం ఉంటే ఎప్పటికైనా వెలుగుతుంది. పోయిందా, ఇక లేదు."

ఆమె ఆ మాట అన్న తీరుకు నాకు వెంటనే నవ్వు రాలేదు. కాసేపాగి వచ్చింది.

"అయితే నువ్వే వీధి మొత్తం అయిపోయావన్నమాట."

"ఎవరో ఒకరు అవ్వాలిగా."

"పడక ఎక్కడ?"

"ఒక్కోరోజు ఒక్కోచోట. వీగో మంచం బురదలాంటిది, నడుము పట్టేస్తుంది. వకీలు మంచం ఫరవాలేదు."

"ఊళ్ళో మగాళ్ళందరి మంచాల సంగతీ నీకు తెలిసిపోయింది!"

"నోర్ముయ్. దుప్పట్లు నావే తీసుకెళ్తాను," అంది, అదేదో పరువు నిలబెట్టే విషయంలాగా.

అదీ నిజమే. కాఫీ పొడి తనదే, పంచదార తనదే, గోధుమరంగు జున్ను ముక్క కూడా గుడ్డలో కట్టి తెచ్చుకుంటుంది. వాళ్ళ గూట్లోని బిస్కెట్టు ఒక్కటి నేను తీయబోతే చేతిమీద కొట్టింది.

"మరి కరెంటు వాళ్ళదే కదా?"

"వాళ్ళు ఈ ఇంట్లో ఉండాలని నియమం. ఉంటే కాలి ఉండేదిగా? వాళ్ళు కాల్చాల్సిందే నేను కాలుస్తున్నాను."

ఆ తర్కానికి జవాబు చెప్పే చదువు నాకు లేదు. ఉన్నవాళ్ళకు మాత్రం ఉంటుందనుకోను.

అలా ఇల్లిల్లూ తిరిగాం. ఒక ఇంట్లో గిన్నెలు చప్పుడు చేసింది. ఒక ఇంట్లో తెర తీసి, కాసేపాగి వేసింది. ఇంకో ఇంట్లో స్నానాల తొట్టి నింపి, "ఇవాళ వీళ్ళ వంతు" అని చెప్పి తలుపేసుకుంది. ఆ ఇంటి ముందు నేను కాపలా నిలబడ్డాను. నా జన్మలో అంత పెద్ద మోసంలో పాలుపంచుకోవడం అదే మొదలు. అదీ చేప వెనక్కిచ్చిన మనిషితో.

అక్కడ నిలబడి వీధి చూస్తుంటే ఏదో ఎబ్బెట్టుగా తోచింది. అడుగులు బాగానే ఉన్నాయి. వకీలు పాదాలు బయటికి తిప్పి నడుస్తాడు, అవి అలాగే ఉన్నాయి. చివరింటి ముసలాయన కుడికాలు ఈడుస్తాడు, ఆ గీత కూడా ఉంది. కానీ...

"అమ్మమ్మా, కాస్త బయటికి రా."

తల తుడుచుకుంటూ వచ్చింది.

"ఈ వీధిలో మామూలు మనిషి ఒక్కడూ లేడా?"

"అంటే?"

"చూడు. అయితే పడవంత పాదం. లేకపోతే అరచేతిలో పట్టే పాదం. రాక్షసులూ మరుగుజ్జులూ కాపురముంటున్నట్టుంది."

అమ్మమ్మ వీధి ఈ చివరినుంచి ఆ చివరికి చూసింది. ఏ బూట్ల దుకాణంలోనైనా చివరికి మిగిలేవి మరీ చిన్నవీ, మరీ పెద్దవీ. మధ్యవన్నీ ఏనాడో అమ్ముడుపోతాయి. అటకమీద ఉన్నవి అవే. మెట్టు మీద కూలబడింది.

"నలభై ఏళ్ళు ఇదే పని చేశాను," అంది మెల్లగా. "నలభై ఏళ్ళు."

జాలేసింది. నా కాలు ముందుకు చాపాను. "ఇదుగో, మధ్యరకం. కావాలంటే వాడుకో."

నా బూటును ఆమె బంగారపు గనిని చూసినట్టు చూసింది. వెంటనే లేచింది. "ఉన్ని పాదం సరిగ్గా ఇంతే!" ఉన్ని అంటే వీగో భార్య. "నడువు చూద్దాం. అలా కాదు, తాళ్ళు కట్టేదానిలా నడవకు. మడమ ముందు పెట్టు. ఇంకొంచెం గర్వంగా."

"మంచులో గర్వం కనిపిస్తుందా?"

"కనిపిస్తుంది. నడువు."

రెండు మూడు రోజులు నేను ఉన్నిగా, వకీలు భార్యగా, ఇంకా ఎవరెవరిగానో నడిచాను. నిజం చెప్పాలంటే సరదాగానే ఉంది. మళ్ళీ మంచు పడితే ఇద్దరం పండగ చేసుకున్నాం.

సోమవారం మధ్యాహ్నం వీగో ఇంట్లో ఉండగా, కిటికీ బయట బిగించిన అద్దంలో అమ్మమ్మకు ఒక మనిషి కనబడ్డాడు. ఆ అద్దాలు మా వీధిలో ప్రతి ఇంటికీ ఉంటాయి. కుర్చీలోంచి లేవకుండానే ఎవరు వస్తున్నారో, ఎవరితో వస్తున్నారో తెలుసుకోవడానికి.

"యోస్టైన్," అంది గొంతు తగ్గించి. "పాలకసంఘంవాడు."

యోస్టైన్ మా వీధిలో పుట్టి పెరిగినవాడే. ఇప్పుడు పై ఊళ్ళో ఉంటూ ఆఫీసులో పనిచేస్తాడు. నేరుగా అమ్మమ్మ ఇంటికి వెళ్ళి తలుపు తట్టాడు. జవాబు లేదు. కిటికీలోంచి లోపలికి చూశాడు. తల గోక్కున్నాడు. తర్వాత వెనక్కి తిరిగి, దీపం వెలుగుతున్న మా వైపు నడిచాడు. గంట మోగింది.

"వెళ్ళు, తలుపు తియ్యి," అంది అమ్మమ్మ.

"నేనా? ఏం చెప్పాలి?"

"ఏదో ఒకటి. నేను చెప్పలేను. నోటితో అబద్ధం ఆడను."

"మరి ఇన్ని రోజులూ కాళ్ళతో ఆడావుగా!"

"కాళ్ళకి నోరుందా?"

గంట మళ్ళీ మోగింది. వెళ్ళి తీశాను.

"నువ్వెవరు?" అన్నాడు యోస్టైన్.

"నేను... ఉన్నిగారి చెల్లెలి కూతుర్ని."

"నువ్వు తొమీనె మనవరాలు రగ్నావి. పోయిన వేసవిలో పడవలో నా కారు తలుపుకే తాడు కట్టేశావు."

ఇంకేం చెబుతాను? గుమ్మంలో నిలబడి పళ్ళికిలించాను. లోపలినుంచి అమ్మమ్మ గొంతు వినిపించింది.

"లోపలికి రా యోస్టైన్. బూట్లు విప్పి రా. కుడి మడమే అరుగుతోందా ఇంకా?"

"అవును తొమీనె," అన్నాడు అతను, ఆరేళ్ళ పిల్లాడిలా, వంగి బూట్లు విప్పుతూ.

తన కాఫీ పొడితో కాఫీ పెట్టి, తన జున్ను కోసి, అమ్మమ్మ అతని ఎదురుగా కూర్చుంది. దేన్నీ దాచలేదు. చేతికి తొడిగిన పిల్లల బూట్ల నుంచి వకీలు టోపీ దాకా మొత్తం చెప్పింది. యోస్టైన్ కప్పు పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఉండిపోయాడు. చివరికి అన్నాడు:

"అడుగులా? ఈ రోజుల్లో అడుగులు ఎవరు చూస్తారు తొమీనె? ఏ ఇంట్లో ఎన్ని నీళ్ళు వాడారో, ఎంత కరెంటు కాల్చారో ఆఫీసులో కూర్చుంటేనే తెలుస్తుంది. మేం చూసేది అదే."

"అయితే మరి చూశారా?"

"చూశాం. కింది వీధి నిండుగా ఉంది. నీళ్ళు, వెచ్చదనం, అన్నీ. అంతా ఆశ్చర్యపోయాం." అతను కప్పు కింద పెట్టాడు. "ఒక్క ఇల్లు తప్ప. అది మాత్రం చలికాలం మొదలైన దగ్గర్నుంచీ ఖాళీ. స్నానం లేదు, పొయ్యి లేదు. వాళ్ళని హెచ్చరించమని నన్ను పంపారు."

అమ్మమ్మ కుర్చీలోంచి లేచింది. మొహం ఎర్రబడింది. "అందరి ఇళ్ళకీ నేను తిరుగుతుంటే, ఎవరా సిగ్గులేని మనిషి? ఎవరిల్లది? పేరు చెప్పు!"

యోస్టైన్ నా వైపు చూశాడు. ఆదుకోమన్నట్టు. నాకూ అర్థం కాలేదు అప్పటికి.

"నీదే తొమీనె," అన్నాడు.

అమ్మమ్మ నిలబడే ఉంది. నాకు నవ్వు తన్నుకొచ్చింది, కానీ ఆమె చేతులు చూసి ఆగిపోయింది. బల్ల అంచు పట్టుకున్న వేళ్ళు తెల్లబడిపోయాయి. ఈ ఊళ్ళో ఆ నియమం కోసం కుర్చీ ఎక్కిన మనిషి. ఇప్పుడు ఆ నియమాన్ని ఉల్లంఘించినట్టు తేలిన ఒకే ఒక్క మనిషి కూడా ఆమే.

"నేను విన్నది వినలేదని అనలేను," అన్నాడు యోస్టైన్. "చెబితే నియమం పోవచ్చు. చెప్పకపోతే ఉంటుంది. నాకేం చెయ్యాలో తోచడం లేదు."

"చెప్పకపోతే..." అంది అమ్మమ్మ. అలాంటి మాట మా అమ్మమ్మ నోట నేను మొదటిసారి విన్నాను.

"చెప్పకపోతే ఇలాగే ఉంటుంది. నీకు ఓపికున్నంత కాలం." అతను ఆగి, మొహమాటంగా అడిగాడు. "కోప్పడకు. ఈ ఇళ్ళ పైపులు గడ్డకట్టకుండా చూసేది ఎవరు?"

"నేనే."

"కప్పు మీద మంచు పేరుకుంటే?"

"పై ఊరినుంచి మనిషిని పిలిచి తీయిస్తాను."

"గాలివానకి కిటికీ రెక్క ఊడితే?"

"అదీ నేనే."

"అయితే వాళ్ళు ఎందుకొస్తారు తొమీనె?"

అతను వెక్కిరింపుగా అనలేదు. నిజంగానే అడిగాడు. కానీ ఆ మాట ఆమెకు ఎలా తగిలిందో నేను చూశాను. దుకాణం మూసిన రోజు ఆమె ఏడవలేదు. తాతయ్య పోయినప్పుడు కూడా నిటారుగానే నిలబడింది. ఇప్పుడు మెల్లగా కూర్చుని, కిటికీలోంచి వీధిని చూసింది. తాను వెలిగించిన దీపాలన్నీ వరసగా కనబడుతున్నాయి. ఇన్నేళ్ళుగా ఆ ఇళ్ళను చల్లబడకుండా కాపాడి, వాటిని ఖాళీగా ఉంచుకునే వీలు వాళ్ళకు కల్పించింది తనేనని ఆమెకు తెలిసిపోయింది.

లేచింది. కప్పులు కడిగింది. మంచం మీది తన దుప్పటి మడిచింది. యోస్టైన్‌తో, "అంతా చెప్పు. ఒక్కటీ వదలకు. బూట్లు చేతులకు తొడిగింది కూడా," అంది. తర్వాత వీగో ఇంటి ఫోను వాడడం తప్పని, తన చలి ఇంటికి వెళ్ళి, చేతి తొడుగులతోనే నంబరు తిప్పింది.

"వీగో, నేను తొమీనెని. ఈ చలికాలం అంతా నీ ఇంట్లో కాపురమున్నాను. అవును, విన్నది నిజమే. నీ మంచం బాలేదు. రేపటినుంచి ఉండను. తాళాలు యోస్టైన్ దగ్గర ఉంటాయి. పైపులు నీవి, చలి దేవుడిది. ఇక మీ ఇద్దరూ చూసుకోండి."

అటునుంచి ఉన్ని గొంతు గది అవతల ఉన్న నాకే వినబడింది. "నా స్నానాల తొట్లోనా!"

"అది శుభ్రంగా కడిగే పెట్టాను," అంది అమ్మమ్మ, ఫోను పెట్టేసింది. పదకొండు ఇళ్ళకూ ఒక్కొక్కటిగా చేసింది. వకీలు కేసు పెడతానన్నాడు. తాళం తనే ఇచ్చానని గుర్తొచ్చి మానుకున్నాడు.

ఆ సాయంత్రం వీధి చూసి నేను భయపడ్డాను. ఒక్కొక్క ఇంట్లోనూ దీపం ఆర్పుతూ వచ్చాం. చివరికి మా కిటికీ తప్ప అంతా నల్లగా మిగిలింది. ఎన్నేళ్ళుగానో చలికాలంలో ఆ వీధి అసలు రూపం అదే. అమ్మమ్మ కిటికీకి వీపు పెట్టి కూర్చుని, తన పొయ్యి రాజేసింది.

పాలకసంఘం వాళ్ళు ముందు నోళ్ళు వెళ్ళబెట్టారు, తర్వాత గొడవపడ్డారు. ఒక ముసలామె ఒక్కతే పదకొండు ఇళ్ళలో కాపురం చేసిందన్న మాట మీద ఎవరు ఎలా ఓటెయ్యాలో తెలియక, ఇంకో చలికాలం చూద్దామని వాయిదా వేశారు. అమ్మమ్మ సభకు వెళ్ళి, ఈసారి కుర్చీ ఎక్కకుండా నా మోచెయ్యి పట్టుకుని, "తప్పు నాది. శిక్ష ఉంటే వేయండి" అంది. ఎవరూ వేయలేదు. సొంత ఇంట్లో ఉండమని మాత్రం అన్నారు.

మార్చి మొదట్లో గట్టి చలి విరుచుకుపడింది. ఒక పొద్దున వకీలింటి వైపు నుంచి ఫట్‌మని ఏదో పగిలిన శబ్దం, ఆ వెంటనే నీళ్ళు పారుతున్న చప్పుడు. అమ్మమ్మ సగం లేచింది. నేను ఆమెనే చూస్తున్నాను. తాళం లేదు నిజమే, కానీ వంటింటి వెనక తలుపు గడియ ఎలా తీయాలో ఆమెకు తెలుసు. ఆ ఇంటి నేల చెక్కలు తాతల నాటివి. ఆమె చిన్నప్పుడు ఆ చెక్కల మీద ఆడుకుంది.

"వెళ్ళనా?" అన్నాను.

"కూర్చో."

"చెక్కలు పాడైపోతాయి."

"కూర్చో అన్నాను కదా!"

వకీలుకు ఫోను చేసి, "నీ ఇంట్లో నీళ్ళు పారుతున్నాయి" అని మాత్రం చెప్పింది. ఆ తర్వాత రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని, ఆ నీళ్ళ చప్పుడు వింటూ కూర్చుంది. అంత కష్టమైన పని ఆమె మంచులో పాకినప్పుడు కూడా చేయలేదు.

వకీలు సాయంత్రానికి వచ్చాడు. నేల చూశాడు, కప్పు చూశాడు, మమ్మల్ని తిట్టాడు. వేసవి రాకముందే ఇల్లు అమ్మేశాడు. నియమం ఉంది కాబట్టి కొనేవాళ్ళు ఏడాదంతా ఇక్కడ ఉండేవాళ్ళే కావాలి. చేపల ఫ్యాక్టరీలో పనిచేసే ట్రూల్స్, అతని భార్య మరీత్, ముగ్గురు పిల్లలు వచ్చారు. పాడైన నేల వాళ్ళే బాగుచేసుకున్నారు. వీగో, ఉన్ని మాత్రం పైపుల భయంతో వచ్చి, తిట్టుకుంటూ తిట్టుకుంటూ మరుసటి చలికాలమంతా ఉండిపోయారు. ఉన్ని అమ్మమ్మతో ఇప్పటికీ సరిగ్గా మాట్లాడదు. ఇంకో రెండిళ్ళు అమ్మకానికి వచ్చాయి. మిగతావి చీకటిగానే ఉన్నాయి. కానీ ఆ చలికాలం చివర పాలకసంఘం లెక్క చూసి, నియమాన్ని ఉంచింది. రెండే రెండు ఓట్ల తేడాతో.

మొన్న చలికాలం వెళ్తే అమ్మమ్మ మొహం గంటు పెట్టుకుని ఉంది. ట్రూల్స్ పెద్దకూతురు పై ఊరి బడి బ్యాండులో చేరి బాకా నేర్చుకుంటోంది. మే నెలలో జరిగే జాతీయదినం ఊరేగింపుకి ఇప్పటినుంచే సాధన.

"విను, విను," అంది అమ్మమ్మ, చెవి కిటికీకి ఆనించి. "మళ్ళీ అదే చోట తప్పింది! రోజూ అక్కడే తప్పుతుంది! నాకు పిచ్చెక్కేలా ఉంది!"

"ఇంత బాధగా ఉంటే వెళ్ళి ఆపమని చెప్పనా?" అని లేచాను.

అమ్మమ్మ నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. "నీకేమైనా మతిపోయిందా? వెళ్ళి చెబితే ఆపేస్తుంది!"